కరిగిపోయే గుండె స్టెంట్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

మా నాన్నగారికి 2014లో గుండె ధమనిలో కరిగిపోయే స్టెంట్ వేశారు. మూడేళ్లు తిరగకముందే ఆ రకం స్టెంట్ అమ్మకాలు ప్రపంచమంతటా ఆగిపోయాయి. వైద్య విషయాలను తెలుగులో రాయడం నా పని కనుక, అప్పటి నుంచి బంధువులు, తెలిసినవారు, వారి ద్వారా తెలియనివారు కూడా ఈ విషయమై అడుగుతూనే ఉన్నారు. ఎక్కువగా వచ్చే ప్రశ్నలకు జవాబులను ఒకచోట చేర్చి ఇక్కడ రాస్తున్నాను. నేను వైద్యుణ్ణి కాను. మీ గుండె గురించిన నిర్ణయం మీ కార్డియాలజిస్టుతో కూర్చొని తీసుకోవలసిందే.

స్టెంట్ అసలు ఎందుకు వేస్తారు?

గుండె కండరానికి రక్తం అందించే కరోనరీ ధమనుల గోడలో కొవ్వు, సున్నం పేరుకొని దారి ఇరుకైపోవడాన్నే మనం వాడుకలో బ్లాక్ అంటాం. 1977 సెప్టెంబరులో స్విట్జర్లాండులోని జ్యూరిచ్‌లో ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ అనే వైద్యుడు సన్నని గొట్టం చివర బుడగను అమర్చి, ఇరుకైన చోటికి చేర్చి ఉబ్బించి, ఛాతీ కోయకుండానే ధమనిని తెరిచారు. ఆ పద్ధతి త్వరగానే వ్యాపించింది కానీ, బుడగ తీసేశాక రెండు కష్టాలు ఎదురయ్యేవి. సాగదీసిన గోడ మళ్లీ దగ్గరకు వచ్చేది, లేదా చీలిన లోపలి పొర వేలాడి దారికి అడ్డుపడేది. అది గంటల్లో జరిగితే రోగిని హుటాహుటిన బైపాస్‌కు తీసుకుపోవలసి వచ్చేది. ఆ గండం గడిచినవారిలో కూడా సుమారు మూడింట ఒక వంతు మందికి కొన్ని నెలల్లోనే అదే చోట మళ్లీ ఇరుకయ్యేది.

గోడ పడిపోకుండా లోపలి నుంచి ఊతమిచ్చే లోహపు వలను 1986లో ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో జాక్ పుయెల్, స్విట్జర్లాండులోని లోజాన్‌లో ఉల్రిచ్ సిగ్వార్ట్ మొదటిసారి మనిషి గుండె ధమనిలో పెట్టారు. అదే స్టెంట్. ఆ తర్వాత వల మీద మందు పూత పూసి, లోపల కణజాలం అతిగా పెరగకుండా ఆపే స్టెంట్లు వచ్చాయి. అమెరికాలో వాటికి మొదటి అనుమతి 2003లో లభించింది. ఇవాళ మన ఊళ్లలో వేసేవన్నీ దాదాపుగా ఈ మందు పూత లోహపు స్టెంట్లే.

అవి బాగానే పనిచేస్తుంటే, కరిగిపోయేవి కావాలని ఎందుకు అనుకున్నారు?

ఇల్లు కట్టినవారికి ఈ సంగతి వెంటనే అర్థమవుతుంది. స్లాబు పోసేటప్పుడు కింద సెంట్రింగ్ కొడతారు. కాంక్రీటు గట్టిపడేవరకు ఆ ఊతం లేకపోతే స్లాబు నిలవదు. గట్టిపడ్డాక సెంట్రింగ్‌ను అక్కడే వదిలేస్తే ఆ గదిని వాడుకోవడానికి ఉండదు. ధమనికీ ఊతం అవసరమయ్యేది మొదటి కొన్ని నెలలే. గాయం మాని, గోడ ఆ వెడల్పులో కుదురుకున్నాక వల చేసే పని ఏమీ మిగలదు. అయినా అది రోగి ఉన్నంతకాలం అక్కడే ఉంటుంది.

అలా ఉండిపోవడం వల్ల కొన్ని చిక్కులున్నాయి. ఆరోగ్యంగా ఉన్న ధమని శ్రమ చేసేటప్పుడు వెడల్పవుతుంది, విశ్రాంతిలో ముడుచుకుంటుంది. లోహపు పంజరంలో ఉన్న భాగానికి ఆ కదలిక ఉండదు. ఆ చోటు నుంచి చీలే పక్క కొమ్మల మొదళ్లకు తీగలు అడ్డుపడవచ్చు. లోహం చుట్టూ ఏళ్ల తరబడి సన్నని వాపు ఉండి, స్టెంట్ లోపలే కొత్తగా కొవ్వు పూడిక పట్టవచ్చు. మొదటి ఏడాది దాటాక కూడా, ఏడాదికి సుమారు వందకు ఇద్దరి చొప్పున, వేసిన స్టెంట్ కారణంగా ఏదో ఒక సమస్య వస్తూనే ఉంటుందని అనేక పరీక్షలను కలిపి చూసిన విశ్లేషణలు చూపాయి. నలభై ఏళ్ల వయసులో స్టెంట్ వేయించుకున్న మనిషికి ఆ లెక్క ముప్ఫై, నలభై ఏళ్లపాటు నడుస్తుంది. పొడవునా స్టెంట్లు పరచిన ధమనికి తర్వాత బైపాస్ కావలసి వస్తే, కొత్త నాళాన్ని కుట్టడానికి శస్త్రవైద్యుడికి ఖాళీ చోటు దొరకదు.

ఈ కారణాలన్నీ నిజమైనవే. తర్వాత జరిగిన వైఫల్యాన్ని చూసి, ఈ ఆలోచనే తప్పని అనేవారితో నేను ఏకీభవించను.

వీటిని దేనితో తయారు చేస్తారు?

ప్రధానంగా రెండు రకాల పదార్థాలున్నాయి. ఒకటి పాలీ లాక్టిక్ ఆమ్లం అనే ప్లాస్టిక్ వంటి పదార్థం. పెరుగుకు పులుపునిచ్చే లాక్టిక్ ఆమ్లపు అణువులనే పొడవైన గొలుసులుగా కలిపితే ఇది వస్తుంది. ఆపరేషన్లలో వాడే కరిగిపోయే కుట్టుదారాలలో ఈ కుటుంబపు పదార్థాలు ఎన్నో ఏళ్లుగా ఉన్నాయి. రెండోది మెగ్నీషియం ఆధారిత మిశ్రమ లోహం. ఇనుముతో, జింకుతో కూడా ప్రయోగాలు సాగుతున్నాయి. పైన పూసే మందు మాత్రం లోహపు స్టెంట్లలో వాడే సిరోలిమస్, ఎవరోలిమస్ కోవకు చెందినదే.

వైద్యులు వీటిని స్టెంట్ అనకుండా స్కాఫోల్డ్ అంటారు. అంటే పరంజా. కట్టడం పూర్తయ్యాక విప్పేసేదానికి తగిన పేరే అది. వాడుకలో అందరికీ తెలిసిన మాట కనుక ఈ జవాబుల్లో స్టెంట్ అనే రాస్తున్నాను.

కరిగేటప్పుడు ముక్కలు విరిగి రక్తంలో కొట్టుకుపోవా?

అందరికంటే ముందు మా అమ్మ వేసిన ప్రశ్న ఇది. చక్కెర పలుకు నీళ్లలో కరిగినట్టు ఇది రక్తంలో కరగదు. వేసిన కొన్ని వారాల్లో, నెలల్లో ధమని లోపలి పొర తీగల మీదుగా పెరిగి వాటిని గోడలో కప్పేస్తుంది. ఆ కప్పు కింద, కణజాలంలోని నీరు పదార్థంలోకి ఇంకి, గొలుసులను ఒక్కొక్క లంకె దగ్గర తెంపుతూ పోతుంది. మొదట గొలుసుల పొడవు తగ్గుతుంది, తర్వాత బలం తగ్గుతుంది, ఆ తర్వాతే బరువు తగ్గడం మొదలవుతుంది. చివరకు మిగిలే లాక్టిక్ ఆమ్లాన్ని శరీరం తనదిగానే వాడుకొని కార్బన్ డయాక్సైడుగా, నీరుగా మార్చేస్తుంది. పరుగెత్తినప్పుడు మన కండరాల్లో పుట్టే పదార్థం కూడా అదే.

అయితే ఇదంతా తీగలు గోడకు గట్టిగా అంటుకొని, పూర్తిగా కప్పబడి ఉన్నప్పటి మాట. గోడకు అంటుకోకుండా రక్తప్రవాహంలోకి పొడుచుకు వచ్చి ఉన్న తీగ కప్పబడదు. అది బలం కోల్పోయి విరిగినప్పుడు దాని కొస ధమని మధ్యలోకి వంగుతుంది. మీరు భయపడిన దానికి దగ్గరగా ఉన్నది నిజంగానే కొందరిలో జరిగింది. ఆ సంగతి కింద వివరంగా రాశాను.

ఎంతకాలానికి కరుగుతుంది?

పాలీ లాక్టిక్ ఆమ్లపు తొలి స్టెంట్లు సుమారు మూడేళ్లకు, మెగ్నీషియం స్టెంట్లు సుమారు ఏడాదికి. ఊతమిచ్చే బలం మాత్రం అంతకంటే చాలా ముందే, నెలల్లోనే తగ్గిపోతుంది.

మొదట వీటిని ఎవరు వేశారు?

జపాన్‌కు చెందిన హిదేయో తమాయ్, కెయిజి ఇగాకి. వారి ఇగాకి-తమాయ్ స్టెంట్‌ను మొదట 15 మంది రోగులకు వేసి, ఆ ఫలితాలను 2000లో ప్రచురించారు. దాని మీద మందు పూత లేదు. వేడి చేసిన ద్రవంతో బుడగను నింపి, ఆ వేడికి ప్లాస్టిక్ మెత్తబడి విచ్చుకునేలా చేసేవారు. పదేళ్లకు పైగా గమనించిన రోగుల్లో ఫలితాలు ధైర్యాన్నిచ్చేవిగానే ఉన్నాయి. కానీ అప్పటికే మందు పూత లోహపు స్టెంట్లు రంగంలోకి వచ్చేయడంతో గుండె వైద్యంలో అది విస్తృతంగా వాడుకలోకి రాలేదు.

అబ్సార్బ్ స్టెంట్ గురించి చాలా విన్నాం. అది ఏమైంది?

అబాట్ సంస్థ తయారుచేసిన అబ్సార్బ్‌ను 2006లో తొలిసారి మనుషుల్లో పరీక్షించారు. మొదటి విడతలో 30 మంది. వారిలో ఐదేళ్ల వరకు ఒక్కరికీ స్టెంట్‌లో రక్తం గడ్డ కట్టలేదు. యూరప్‌లో 2011 నాటికి అమ్మకానికి అనుమతి వచ్చింది, ఆ తర్వాత మన దేశానికీ వచ్చింది. లోహం లేకుండా గుండెను బాగుచేసే కొత్త వైద్యంగా దాన్ని ఎంతో ఉత్సాహంతో చెప్పుకున్నారు. మా నాన్నగారికి వేసిన రోజున వైద్యుడు మాతో అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది: మూడేళ్ల తర్వాత అక్కడ స్టెంట్ ఉండేదని కూడా తెలియదు అన్నారు. ఆ మాట నిజమే. ఆ మూడేళ్లలో ఏం జరగవచ్చో మాత్రం చెప్పలేదు. చెప్పగలిగేంత సమాచారం అప్పటికి ఎవరి దగ్గరా లేదు కూడా.

పెద్ద పరీక్షల ఫలితాలు తర్వాత వచ్చాయి. అమెరికాలో అనుమతి కోసం 2008 మంది రోగులతో జరిపిన అబ్సార్బ్-3 పరీక్షలో, ఏడాది గడిచేసరికి చికిత్స చేసిన చోట సమస్య వచ్చినవారు కరిగే స్టెంట్ వర్గంలో 7.8 శాతం, లోహపు స్టెంట్ వర్గంలో 6.1 శాతం. ముందుగా పెట్టుకున్న హద్దులోనే ఉన్నందున 2016 జులైలో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది. ఆ ఏడాదే వెలువడిన అబ్సార్బ్-2 పరీక్ష మూడేళ్ల ఫలితాలు నిరాశపరిచాయి. పంజరం పోయాక ధమని మళ్లీ స్వేచ్ఛగా కదులుతుందన్నది ఈ స్టెంట్‌కు ప్రాణం లాంటి వాదన. కొలిచి చూస్తే ఆ కదలికలో లోహపు స్టెంట్‌తో పోల్చదగిన మేలు కనిపించలేదు.

2017లో నెదర్లాండ్స్ నుంచి 1845 మంది రోగుల ఐడా పరీక్ష వచ్చింది. రెండేళ్లలో స్టెంట్‌లో గడ్డ కట్టడం లోహపు స్టెంట్ వేసినవారిలో 0.9 శాతమైతే, అబ్సార్బ్ వేసినవారిలో 3.5 శాతం. ధమనిలో స్టెంట్ ఉన్నచోట గడ్డ కట్టడమంటే చాలాసార్లు గుండెపోటే. ఆ ఏడాది మార్చిలో అమెరికా నియంత్రణ సంస్థ వైద్యులకు హెచ్చరిక లేఖ రాసింది. సెప్టెంబరులో అబాట్ సంస్థ అమ్మకాలు నిలిపివేసింది. అమ్మకాలు తక్కువగా ఉండడాన్ని కారణంగా చెప్పింది.

ఎందుకు అలా జరిగింది?

ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తేనే ఇప్పుడు వస్తున్న కొత్త స్టెంట్లను ఎలా చూడాలో తెలుస్తుంది.

కోబాల్ట్ క్రోమియం లోహంతో పోలిస్తే పాలీ లాక్టిక్ ఆమ్లం పదుల రెట్లు తక్కువ దృఢమైనది. అదే ఊతం ఇవ్వాలంటే తీగను లావుగా చేయక తప్పదు. ఆ కాలపు మంచి లోహపు స్టెంట్ తీగ మందం సుమారు 80 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), అంటే దాదాపు తల వెంట్రుకంత. అబ్సార్బ్ తీగ మందం సుమారు 150 మైక్రాన్లు. కాగితం మీద అది చిన్న తేడాగానే కనిపిస్తుంది. రెండున్నర మిల్లీమీటర్ల వెడల్పున్న ధమనిలో మాత్రం అలా కాదు. లావుపాటి తీగ రక్తప్రవాహానికి అడ్డంగా చిన్న గట్టులాగా నిలుస్తుంది. వేగంగా పారే కాలువలో రాయి వెనక నీరు సుడి తిరిగి చెత్త చేరినట్టే, ఆ గట్టు వెనక రక్తం మందగించి, గడ్డ కట్టించే ప్లేట్‌లెట్లు పోగవుతాయి. తీగను కప్పవలసిన లోపలి పొరకు ఎక్కాల్సిన ఎత్తు ఎక్కువై, కప్పడం ఆలస్యమవుతుంది. సన్నని ధమనుల్లో ఫలితాలు మరీ అధ్వానంగా రావడానికి ఇది ముఖ్య కారణం. 2.5 మిల్లీమీటర్ల కంటే సన్నని ధమనుల్లో వేయకూడదని తర్వాత స్పష్టంగా చెప్పారు.

రెండో కారణం సాగే గుణానిది. లోహపు స్టెంట్ కొంచెం చిన్నదిగా అనిపిస్తే పెద్ద బుడగతో ఇంకా వెడల్పు చేయవచ్చు. ఈ పదార్థాన్ని హద్దు దాటి సాగదీస్తే తీగ విరుగుతుంది. నిర్ణయించిన కొలత కంటే అర మిల్లీమీటరుకు మించి వెడల్పు చేయడానికి వీల్లేదు. కాబట్టి ధమని కొలతను ముందే సరిగ్గా తీసుకోవాలి. పైగా ఇది తొందరపడితే లొంగదు. స్టెంట్లు వేసే గది అయిన క్యాథ్‌ల్యాబులో అబ్సార్బ్‌ను విప్పే పద్ధతి ఇలా ఉండేది: బుడగలో ఒత్తిడిని ఐదు సెకన్లకు రెండు అట్మాస్ఫియర్ల చొప్పున మెల్లగా పెంచుతూ పోవాలి, అనుకున్న ఒత్తిడికి చేరాక అరనిమిషం అలాగే పట్టి ఉంచాలి. లోహపు స్టెంట్‌ను ఒక్కసారిగా విప్పడానికి అలవాటుపడిన చేతులు కొత్తగా నేర్చుకోవలసిన ఓపిక అది.

మూడో కారణం అన్నిటికంటే ముఖ్యమైనదని నా అభిప్రాయం. సెంట్రింగ్ విప్పేటప్పుడు మేస్త్రి ఒక వరుసలో విప్పుతాడు. కరిగే స్టెంట్‌కు అలాంటి వరుస లేదు. ఎక్కడ గోడకు అంటుకోలేదో, ఎక్కడ సరిగా విచ్చుకోలేదో అక్కడి తీగలు ఒకటి రెండేళ్ల తర్వాత బలం కోల్పోయి, విడిపోయి, ధమని దారిలోకి పడ్డ సంఘటనలు కాంతితో ధమని లోపలిని చూసే ఓసీటీ చిత్రాల్లో స్పష్టంగా కనిపించాయి. పాత బలం పోయి, పూర్తిగా కరిగిపోవడం ఇంకా జరగని ఆ నడిమి కాలమే గండం. అబ్సార్బ్-3 రోగులను ఐదేళ్లు గమనించినప్పుడు, మూడేళ్ల తర్వాత కరిగే స్టెంట్‌కూ లోహపు స్టెంట్‌కూ సమస్యల రేటులో తేడా దాదాపు లేకుండా పోయింది. గండం గడిచాక ఆ స్టెంట్ మీద పెట్టుకున్న ఆశలో కొంత నిజముందని ఆ ఫలితం చెబుతోంది.

అయితే తప్పు స్టెంట్‌దా, వేసిన పద్ధతిదా?

రెండింటిదీ. ముందు బుడగతో చోటును బాగా సిద్ధం చేయడం, ధమని కొలతను సరిగ్గా తీసుకోవడం, వేసిన తర్వాత గట్టి బుడగతో మరోసారి అదమడం అనే మూడు మెట్లు పాటించినవారిలో ఫలితాలు మెరుగ్గా ఉన్నాయని తర్వాత విశ్లేషణలు చూపాయి. అందుకని నెపమంతా పద్ధతి మీదికి నెట్టేయడం న్యాయం కాదు. వేల ఆసుపత్రులలో, రకరకాల చేతుల్లో, అర్ధరాత్రి గుండెపోటు కేసుల్లో కూడా సరిగ్గా పనిచేయాల్సిన పరికరం ఇది.

30 మందిలో అంత బాగున్నది, వేలమందిలో ఎందుకు బాగుండలేదు?

అరుదైన ముప్పు కొద్దిమందిలో కనిపించదు. ఒక లెక్క చూడండి. వందమందిలో ఒకరికి వచ్చే ప్రమాదం ఉందనుకుందాం. 108 మందిని పరీక్షిస్తే, వారిలో ఒక్కరికీ ఆ ప్రమాదం రాకుండా పోయే అవకాశం సుమారు మూడింట ఒక వంతు ఉంటుంది. అంటే ముప్పు నిజంగా ఉన్నా, పరీక్షలో సున్నా అని రావచ్చు. 30 మందిలోనైతే ఆ అవకాశం నూటికి 74. పైగా తొలి పరీక్షల్లో చిన్న, సులువైన బ్లాకులున్న రోగులను ఎంచుకుంటారు, అనుభవం బాగా ఉన్న వైద్యులే వేస్తారు. ఇందులో మోసమేమీ లేదు, కొత్త పరికరాన్ని జాగ్రత్తగా మొదలుపెట్టే పద్ధతే అది. కానీ ఆ ఫలితాన్ని పట్టుకొని అందరికీ పనిచేస్తుందని చెప్పకూడదు. ఇకమీదట ఏ కొత్త స్టెంట్ గురించి వార్త చదివినా, ఎంతమందిలో, ఎన్నేళ్లు, దేనితో పోల్చి చూశారు అన్న మూడు సంగతులు వెతకండి.

మెగ్నీషియం స్టెంట్లు మేలైనవా?

బలంలో ప్లాస్టిక్ కంటే మేలు, విచ్చుకోవడంలో లోహం నడకే. సమస్య వేరేచోట ఉంది: మెగ్నీషియం చాలా త్వరగా తినివేయబడుతుంది. 2007లో ప్రచురితమైన తొలి పరీక్షలో, 63 మందికి వేసిన మందు పూత లేని మెగ్నీషియం స్టెంట్ మరీ త్వరగా కరిగిపోవడంతో ధమని మళ్లీ ముడుచుకుపోయింది. సెంట్రింగ్‌ను తొందరపడి విప్పితే స్లాబు దిగినట్టే. బయోట్రోనిక్ సంస్థ మిశ్రమాన్ని మార్చి, మందు పూత చేర్చి తెచ్చిన మాగ్మారిస్‌కు 2016లో యూరప్‌లో అనుమతి వచ్చింది. దాని తీగ కూడా 150 మైక్రాన్ల మందమే. తీగను ఇంకా సన్నగా చేసిన తర్వాతి తరం స్టెంట్ ఫ్రీసాల్వ్‌కు 2024లో యూరప్ అనుమతి లభించింది. దీనికి ముందు చేసిన బయోమ్యాగ్-1 పరీక్షలో 116 మంది ఉన్నారు. పైన చెప్పిన లెక్క ఇక్కడా వర్తిస్తుంది. లోహపు స్టెంట్‌తో పోల్చి చూసే పెద్ద పరీక్ష ఫలితాలే దీని సంగతి తేలుస్తాయి.

మన దేశంలో ఎవరైనా తయారు చేస్తున్నారా?

గుజరాత్‌లోని వాపి కేంద్రంగా ఉన్న మెరిల్ సంస్థ మెరెస్100 అనే సిరోలిమస్ పూత స్టెంట్‌ను తయారు చేసింది. పేరులోని 100 తీగ మందాన్ని మైక్రాన్లలో చెబుతుంది. అబ్సార్బ్‌లోని లావు తీగ సమస్యను నేరుగా ఎదుర్కొన్న ప్రయత్నమిది. మెరెస్-1 పరీక్షలో 108 మంది రోగులకు వేయగా, మొదటి ఏడాదిలో స్టెంట్‌లో గడ్డ కట్టిన సంఘటన నమోదు కాలేదు. ఆ 108 అన్న అంకె ఇంతకుముందు లెక్కలో నేను వాడినదే అని గమనించే ఉంటారు.

తెలుగువారికి స్టెంట్ అనగానే గుర్తొచ్చే మరో పేరు కలాం-రాజు స్టెంట్. రక్షణ శాస్త్రవేత్తగా హైదరాబాదులో పనిచేసిన అబ్దుల్ కలాం, హృద్రోగ నిపుణులు బి. సోమరాజు కలిసి 1990లలో దాన్ని రూపొందించారు. అది కరిగే రకం కాదు, లోహపు స్టెంటే. విదేశీ స్టెంట్ ధర భరించలేని రోగికి అందుబాటులో ఉండాలన్నది వారి తపన. కరిగే స్టెంట్ల విషయంలోనూ ఆ ప్రశ్న తప్పదు. తొలిరోజుల్లో ఇవి లోహపు స్టెంట్ల కంటే చాలా ఖరీదుగా ఉండేవి. 2017 ఫిబ్రవరిలో జాతీయ ఔషధ ధరల నియంత్రణ సంస్థ మందు పూత లేని స్టెంట్‌కు 7,260 రూపాయలు, మందు పూత స్టెంట్‌కు 29,600 రూపాయలు గరిష్ఠ ధరగా నిర్ణయించి, కరిగే స్టెంట్లను కూడా ఈ రెండో కోవలోనే చేర్చింది. ఎక్కువ మేలు చేస్తుందని రుజువు కాని పరికరానికి ఎక్కువ ధర ఎందుకివ్వాలన్న ప్రశ్న నాకు న్యాయంగానే తోస్తుంది. అయితే కొత్త పరిశోధనకు డబ్బు ఎక్కడి నుంచి రావాలన్నదీ న్యాయమైన ప్రశ్నే.

ఇప్పుడు నాకు బ్లాక్ ఉందంటున్నారు. కరిగే స్టెంట్ అడగవచ్చా?

అడగవచ్చు కానీ, అది లేదన్నారని బాధపడవద్దు. పరిశోధనా పరీక్షలలో తప్ప కరిగే స్టెంట్లను వాడవద్దని యూరప్ హృద్రోగ నిపుణుల సంఘం 2018 మార్గదర్శకాల్లో సూచించింది. ఇప్పటి మందు పూత లోహపు స్టెంట్లు కొన్ని 60 మైక్రాన్ల తీగతోనే వస్తున్నాయి. అవి దీర్ఘకాలం పరీక్షకు నిలిచాయి. శాశ్వతమైనది అన్న మాటలోనే ఏదో లోపం ఉన్నట్టు కొందరు భయపడతారు. లక్షలాది మంది ఆ లోహంతోనే క్షేమంగా తిరుగుతున్నారు. ఎవరైనా పరీక్షలో భాగంగా కరిగే స్టెంట్ వేస్తామంటే, సమ్మతి పత్రాన్ని ఇంటికి తెచ్చుకొని చదివి, అర్థం కానిది అడిగి, ఆ తర్వాతే సంతకం చేయండి.

లోపల ఏమీ మిగల్చకూడదనుకుంటే వేరే దారులున్నాయా?

ఉన్నాయి. మందు పూత పూసిన బుడగతో ధమని గోడకు మందును అంటించి, వల వేయకుండానే వెనక్కి వచ్చే పద్ధతి కొన్ని రకాల బ్లాకులకు, ముఖ్యంగా పాత స్టెంట్ లోపల మళ్లీ పూడుకున్నప్పుడు, బాగా ఉపయోగపడుతోంది. మరో ఆలోచన ప్రకారం, స్టెంట్ లోహంతోనే ఉంటుంది, ఆరు నెలల తర్వాత దాని లంకెలు విడిపోయి ధమనికి కదిలే వీలునిస్తాయి.

గుండెకు పనికిరాకపోతే ఇంకెక్కడైనా పనికొచ్చిందా?

కాళ్లలో పనికొచ్చింది. మోకాలి కింద సన్నని ధమనులు పూడుకుపోయి, పుండ్లు మానక, కాలు తీసేయవలసిన స్థితికి వచ్చే రోగుల్లో మధుమేహం ఉన్నవారే ఎక్కువ. మన ఇళ్లలో ఇలాంటివారు లేని కుటుంబం అరుదు. ఆ ధమనులకు తగిన మంచి స్టెంట్ చాలాకాలం లేదు. 261 మంది రోగులతో జరిగి 2023లో ప్రచురితమైన లైఫ్-బీటీకే పరీక్షలో, ఏడాది తర్వాత కాలు నిలిచి, ధమని తెరుచుకొని, మళ్లీ చికిత్స అవసరం లేకుండా ఉన్నవారు కరిగే స్టెంట్ వేసినవారిలో 74 శాతం, బుడగ మాత్రమే వాడినవారిలో 44 శాతం. ఎస్ప్రిట్ అనే ఆ స్టెంట్‌కు 2024లో అమెరికాలో అనుమతి వచ్చింది. తీగ మందం 99 మైక్రాన్లు, పదార్థం పాలీ లాక్టిక్ ఆమ్లమే, తయారీదారు అబ్సార్బ్ చేసిన అబాట్ సంస్థే. ఈ రంగంలో నాకు అన్నిటికంటే సంతోషాన్నిచ్చిన వార్త ఇది.

పిల్లల్లో కూడా ఈ ఆలోచనకు బలమైన కారణముంది. పసిబిడ్డ రక్తనాళంలో లోహపు స్టెంట్ పెడితే, నాళం పెరుగుతుంది, స్టెంట్ పెరగదు. నెలలు నిండకుండా పుట్టిన ఒక బిడ్డ ఊపిరితిత్తుల ధమనిలో మెగ్నీషియం స్టెంట్ వేసిన ఉదంతం 2005లోనే ప్రచురితమైంది.

నాకు 2012, 2017 మధ్య అబ్సార్బ్ వేశారు. భయపడాలా?

వేసి ఏళ్లు గడిచాయి కనుక గండకాలం మీరు దాటేశారు. కొత్తగా ఛాతీలో నొప్పి, ఆయాసం వస్తే ఎవరైనా వెళ్లినట్టే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి. ఏ లక్షణమూ లేనప్పుడు, ఉందో కరిగిందో చూడడం కోసమే యాంజియోగ్రామ్ చేయించుకోవలసిన పనిలేదు.

మా నాన్నగారికి వేరే కారణంగా తీసిన సీటీ చిత్రంలో ఆ చోటును వైద్యుడు మాకు చూపించారు. అక్కడ వల లేదు. రెండు కొసల దగ్గర రెండేసి చొప్పున నాలుగు తెల్లని చుక్కలు మాత్రం మెరుస్తున్నాయి. ఈ ప్లాస్టిక్ ఎక్స్‌రేలో కనిపించదు కనుక, వేసేటప్పుడు చోటు తెలియడానికి కొసల్లో ప్లాటినం చుక్కలు పెడతారు. అవి కరగవు. ధమని ఆ చుక్కల మధ్య నుంచి మామూలు ధమనిలాగే సాగిపోతోంది.

కరిగిపోయింది కదా, మాత్రలు మానేయవచ్చా?

మీ అంతట మీరు ఒక్కటీ మానవద్దు. రక్తం పల్చబడే రెండు మాత్రల్లో ఒకదాన్ని ఎప్పుడు ఆపాలో వైద్యుడు చెబుతారు. కొలెస్ట్రాల్, రక్తపోటు, మధుమేహం మాత్రలు స్టెంట్ కోసం ఇచ్చినవి కావు. బ్లాక్‌ను పుట్టించిన జబ్బు మిగతా ధమనులన్నింటిలోనూ ఉంటుంది, దాని కోసం ఇచ్చినవి అవి.

ఎంఆర్ఐ తీయించుకోవచ్చా?

సాధారణంగా తీయించుకోవచ్చు, ఇప్పటి లోహపు స్టెంట్లు ఉన్నవారు కూడా. స్కానింగ్ చేసేవారికి ముందుగా స్టెంట్ కార్డు చూపించండి.

ఆ కార్డు పోయింది. ఏ స్టెంట్ వేశారో ఎలా తెలుస్తుంది?

డిశ్చార్జి కాగితాల్లో స్టెంట్ పేరు, కొలత, బ్యాచ్ నంబరు ఉన్న స్టిక్కర్ అంటించి ఉండవచ్చు. అదీ లేకపోతే, వేసిన ఆసుపత్రి రికార్డుల విభాగానికి పేరు, తేదీ, ఆసుపత్రి నంబరుతో రాతపూర్వకంగా అడగండి. ఆరోగ్యశ్రీ కింద చేయించుకున్నట్టయితే అక్కడి ఆరోగ్యమిత్రను కలవండి. ప్రొసీజర్ సీడీ ఇచ్చి ఉంటే దాన్ని జాగ్రత్తగా ఉంచండి, వైద్యులకు అది చాలా విషయాలు చెబుతుంది. దొరికిన వివరాలను ఫోనులో ఫొటో తీసి, ఇంట్లో ఇంకొకరి ఫోనులో కూడా పెట్టండి. అత్యవసర సమయంలో ఫోను తెరిచి చూపించేది మీరు కాకపోవచ్చు.